అరవై ఒక్క శుభలేఖలు

ముప్పై నాలుగేళ్లుగా తార్నాకలో నేను తీసిన ఫొటోల్లో చాలావాటి బతుకు హాల్‌టికెట్ల మీదే తెల్లారింది. పరీక్షల మొహాలు, పాస్‌పోర్టుల మొహాలు, పెన్షన్ దరఖాస్తుల మొహాలు. గడ్డం ఎత్తు, చెవులు కనపడనీ, కదలకు. దానయ్య స్టూడియో అంటే ఇంతేనని చుట్టుపక్కల వాళ్ల నమ్మకం. వాళ్లకు తెలియనివి నా శనివారాలు.

శనివారం మధ్యాహ్నం నుంచి నా స్టూడియోకి మగవాళ్లు జంటలుగా వచ్చేవారు. నసగడమెందుకు, గే మగవాళ్లు. నేనూ ఆ బాపతే కాబట్టి చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. నల్లకుంట అద్దెగదుల్లో పుట్టినరోజులు, ముషీరాబాద్‌లో ఒకరి డాబా మీద చీరలు కట్టి వేసిన డ్యాన్సులు, హాస్టల్ గదిలో హీటర్ మీద ఉడికిన కోడికూర, బస్టాపులో చెయ్యీ చెయ్యీ తగిలీ తగలనట్టు నిలబడ్డ ఇద్దరు గుమాస్తాలు, చాలా ఏళ్ల తర్వాత రంగుల జెండాలు పట్టుకుని రోడ్డెక్కిన ఊరేగింపులు. అన్నీ తీశాను. నాలుగు వేల పైచిలుకు ఫ్రేములు. ఈ ఊళ్లో మీవాళ్లు ఎప్పుడున్నారయ్యా అని ఎవరైనా అడిగితే మొహాన కొట్టడానికి దాచుకున్నాను.

మా వాళ్లలో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో గాని చాలా శ్రద్ధగా పాటించారు. పెళ్లి కుదిరిన ప్రతివాడూ నా దగ్గరికి రెండు పనుల మీద వచ్చేవాడు. ఒకటి, నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ ఇవ్వడం. రెండోది, తన నెగెటివ్ పట్టుకుపోవడం. "తప్పక రావాలె అన్నా" అని కార్డు చేతిలో పెట్టి, ఊపిరి తీసుకోకుండా "గా ఫొటో ఇయ్యవా" అనేవాడు. నేను కత్తెర తీసి ఆ ఒక్క ఫ్రేము కత్తిరించి ఇచ్చేవాణ్ని. ప్రింట్లుంటే అవీ. ఎక్కడా నోరు విప్పనని మాట కూడా. భోజనాలకు మాత్రం ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. అంత అరిగించుకునే కడుపు కాదు నాది.

నాకు పని నేర్పిన ముషీరాబాద్ ఉస్తాద్ ఒక నియమం పెట్టాడు. రోల్లోంచి ఒక ఫ్రేము పోతే అది ఎందుకు పోయిందో రాసి ఉంచాలి. రాయనివాడు ఫొటోగ్రాఫర్ కాడు, కెమెరా ఉన్న మనిషి, అంతే. ఆ మాట పట్టుకుని నేను ఆ శుభలేఖ వెనకాలే రాసేవాణ్ని. ఫలానా రోలు, ఫలానా ఫ్రేము, అందులో ఉన్న ఇద్దరి పేర్లు, నెగెటివ్ ఇచ్చేసిన తేదీ. అదీ బాల్‌పెన్నుతో. పెన్సిల్ అనే వస్తువు ఒకటుందని అప్పట్లో నాకెందుకు తట్టలేదో ఆ దేవుడికే తెలియాలి.

అలా ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో అరవై ఒక్క శుభలేఖలు పోగయ్యాయి. వాటిలో ఒకటి దయాకర్‌ది. దయాకర్ రైల్వేలో గుమాస్తా. మూడేళ్లపాటు శనివారాలే కాదు, మిగతా ఆరు రోజులూ అతను నావాడే. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో అందరిలాగే వచ్చి, అందరిలాగే కార్డిచ్చి, అందరిలాగే నెగెటివ్ అడిగాడు. దాని వెనక నా రాత ఇలా ఉంటుంది: రోలు 112, ఏడో ఫ్రేము, దయాకర్, నేను. అతను ఉన్నంతసేపూ పెద్దమనిషిలా నిలబడ్డాను. పోయాక తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత విద్యానగర్‌లో ఇల్లు కొనుక్కున్నాడని మాత్రం విన్నాను. పట్టుమని రెండు మూడు కిలోమీటర్లు ఉండదు. ఇరవై ఆరేళ్లలో కూరగాయల బండి దగ్గరైనా ఎదురుపడలేదంటే, ఇద్దరమూ ఎంత కష్టపడి ఉంటామో ఊహించుకోండి.

ఇలా ఉండగా పోయిన ఏడాది మా యూనివర్సిటీకి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 'మా' అనడం ఉత్త అలవాటు. ఐడీ కార్డుల రోజుల్లో తప్ప ఆ గేటు లోపలికి నన్ను పిలిచిన పాపాన పోలేదు. విజయశ్రీ మేడమ్ అనే ప్రొఫెసర్‌గారు, కాకినాడ వైపు మనిషి, స్టూడియోకి వచ్చి గంటసేపు మాట్లాడారు. అందులో నాకు పూర్తిగా అర్థమైన వాక్యం "టీ వద్దండి" ఒక్కటే. మొత్తమ్మీద తేలిందేమిటంటే, నా ఫొటోలన్నీ యూనివర్సిటీలో భద్రం చేస్తారట, ఎయిర్ కండిషన్ గదిలో పెడతారట, పిల్లలు వాటి మీద పరిశోధన చేస్తారట.

వాటి జాబితా రాయడానికి అక్షర అనే ప్రాజెక్టు పిల్లను పంపారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. నెల రోజులు వచ్చింది. మిరపకాయ బజ్జీ తిన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాతే నెగెటివ్‌ను అంచులు పట్టుకుని పైకెత్తేది. ఎవరూ చెప్పకుండానే. ఆ ఒక్క పనికి నేను ఆ పిల్లకు దాసోహమన్నాను. ఆమెను చూసే రెండు ట్రంకు పెట్టెలతో పాటు ఆ రేకు డబ్బా కూడా ఇచ్చాను. పోయిన ఫ్రేముల కథ లేకపోతే ఉన్న ఫ్రేముల కథ సగమే కదా. "ఇది యాభై ఏండ్లు మూసే ఉంచాలె మేడమ్" అని నోటితో చెప్పాను. "అలాగేనండీ" అని మేడమ్ నోటితోనే ఒప్పుకున్నారు. కాగితం మీద మాత్రం సమస్త వస్తువులూ, సమస్త హక్కులూ యూనివర్సిటీవే అని ఇంగ్లీషులో ఉందట. పదకొండు చోట్ల సంతకం పెట్టాను. జీవితమంతా జనం దరఖాస్తులకు ఫొటోలు తీసి బతికినవాణ్ని, ఒక్క దరఖాస్తయినా చదివి ఎరగను.

తర్వాత కమిటీ కూర్చుంది. దాత కదా అని నన్నూ పిలిచి, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. అధ్యక్షులు సూర్యనారాయణగారు. సంస్కృతి ఆయన సొంత పొలం, ఎవరు గట్టు దాటినా ఆయనకు తెలిసిపోతుంది. మొదటి ఫొటో అందుకున్నారు. హాస్టల్ గదిలో నలుగురు కుర్రాళ్లు కింద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నారు.

"ఇది అభ్యంతరకరంగా ఉందండీ" అన్నారు.

"ఉల్లిగడ్డలా సార్?" అన్నాను.

"వాళ్ల ఉద్దేశం."

విజయశ్రీ మేడమ్ గొంతు సవరించుకున్నారు, కాని సవరించిన గొంతుతో ఏమీ అనలేదు. సూర్యనారాయణగారు ఇంకో పది ఫొటోలు తిప్పి, కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"వీళ్ల తల్లిదండ్రుల దగ్గర్నుంచి అభ్యంతరం లేదని కాగితాలు తేగలరా?"

"వీళ్లల్ల అందరికంటె చిన్నోడికి నలభై ఎనిమిదేండ్లు సార్."

"మరీ మంచిది. తల్లిదండ్రులు బాగా పెద్దవాళ్లయి ఉంటారు, నిదానంగా ఆలోచించి ఇస్తారు."

అంతలో ఆయన చెయ్యి రేకు డబ్బా మీద పడింది. మూత తీశారు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"విజయశ్రీగారూ, ఇదీ వారసత్వమంటే! చూడండి ఆ వినాయకుడు! ఆ అరటి చెట్లు! తొంభై ఎనిమిదిలోనే వెల్వెట్ కార్డండీ, వెల్వెట్!" ఒక్కొక్క కార్డు తీసి కళ్లకు అద్దుకోవడం ఒక్కటే తక్కువ. అదృష్టం బాగుండి, దేవుడి బొమ్మ ఉన్న వైపే చూస్తున్నారు. "ఇంతమంది పెళ్లికొడుకులు మిమ్మల్ని పిలిచారంటే, దానయ్యగారూ, మీరు బాగా పరపతి ఉన్న మనిషే!"

"అందరు నాకు మంచిగ తెలిసినోళ్లే సార్" అన్నాను.

గంటలో తీర్మానం అయిపోయింది. ఫొటోలు 'పరిశీలనలో' ఉంటాయి. అంటే సెల్లారులో, రెక్కలు విరిగిన సీలింగ్ ఫ్యాన్ల పక్కన. శుభలేఖలతో మాత్రం ప్రదర్శన పెడతారు. పేరు 'మూడు దశాబ్దాల మన మంగళ సంస్కృతి'. సోమవారం ముఖ్య అతిథి వచ్చి దీపం వెలిగిస్తారు, నాకు శాలువా కప్పుతారు. అదే రోజు వెబ్‌సైటు కూడా. ప్రతి కార్డూ ముందువైపు, వెనకవైపు స్కాన్ చేసి ప్రపంచానికి చూపిస్తారు. "దీన్ని మనం మొదటి మెట్టు అనుకుందామండీ" అని విజయశ్రీ మేడమ్ బయట నన్ను ఓదార్చారు. ఎయిర్ కండిషన్ గది సంగతి నేనూ అడగలేదు, ఆవిడా ఎత్తలేదు.

అరవై ఒక్క మంది గే మగవాళ్ల శుభలేఖలను యూనివర్సిటీ తెలుగు సంస్కృతికి కిరీటమని గోడకెక్కిస్తోంది. ఇంత మంచి జోకు నా జన్మలో వినలేదు, కాని నవ్వే వీలు లేదు. సోమవారం ఆ వెనకవైపులు వెబ్‌సైటులోకి ఎక్కితే ప్రతి కార్డు మీదా పెళ్లికొడుకు పేరు, అతను ఎవరితో ఫొటో దిగాడో ఆ పేరు, తేదీతో సహా ఉంటాయి. భార్యలు చదువుతారు, వియ్యంకులు చదువుతారు, పెళ్లీడుకొచ్చిన పిల్లలు చదువుతారు. నమ్మి నా చేతిలో కార్డు పెట్టినవాళ్లందరినీ, నా చేతిరాతతో, నేనే నడిబజారులో నిలబెట్టినట్టవుతుంది.

మర్నాడే మేడమ్ గది ముందు నిలబడ్డాను. డబ్బా వెనక్కి ఇచ్చేయమన్నాను.

"నంబర్లు వేసేశారండీ. వెనక్కివ్వాలంటే దానికి వేరే కమిటీ వెయ్యాలి."

"ఎప్పుడు ఏస్తరు మేడమ్?"

"దసరా సెలవులయ్యాక చూద్దామండీ."

వెనక రాతలున్నాయని చెబితే పని జరుగుతుందేమో. కాని చెబితే ముందు ఆవిడే చదువుతారు, చదివి వ్యాసం రాస్తారు, ఆ వ్యాసం పట్టుకుని విదేశాల్లో సదస్సుకు వెళ్తారు. చెడ్డ మనిషి కాదు, ప్రొఫెసర్.

శుక్రవారం అక్షరకు ఫోన్ చేశాను.

"వెనకవైపు స్కాన్ చెయ్యకు బిడ్డా."

"రూల్ అంకుల్. ముందు, వెనక రెండు చెయ్యాలె. ఏమున్నది వెనక?"

"ఏదో రాసుకున్న, అంతే."

"రాసి ఉంటే ఇంకా మంచిది కదా! వట్టి కార్డు కంటె ఎక్కువ వాల్యూ ఉంటది." అంత ఉత్సాహంగా చెప్పాక నేను ఫోను పెట్టేశాను.

శనివారమంతా ఆ పిల్ల ఫోను ఎత్తలేదు. పాత డైరీ తీసి కూర్చున్నాను, కార్డులిచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ ముందే చెప్పేద్దామని. ఎనిమిది నంబర్లు నొక్కాను. మూడు పనిచేయలేదు. నాలుగిటికి ఆడగొంతులు పలికాయి, రాంగ్ నంబరని పెట్టేశాను. ఒకడు దొరికాడు గాని, "ఏ దానయ్య?" అన్నాడు. వాడి ఇరవయ్యో పుట్టినరోజుకు కేకు తెచ్చింది నేనే. డైరీ మూసేశాను. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి, ఆ కెమెరా ముట్టుకోకుండా ఉల్లిగడ్డల కొట్టు పెట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అక్షర వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి, ఫొటో దిగేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"స్కాన్ చేసినవా?" అన్నాను.

"చేసిన. అరవై ఒకటి. ముందు, వెనక."

"చదివినవా?"

"చదివిన అంకుల్."

ఆ పిల్ల నా వైపు చూడకుండానే చెప్పుకుపోయింది.

"చదివినంక వెనకవన్ని డిలీట్ చేసిన. కంప్యూటర్ల లేవు, పెన్‌డ్రైవ్ల లేవు. రిజిస్టర్ల అన్నిటికి ఒకటే రాసిన, 'వెనకవైపు ఖాళీ' అని. కార్డులు బోర్డులకు అంటిచ్చిన. వెనక మొత్తం నిండ ఫెవికాల్ పూసి, మీద బరువు పెట్టి. సూర్యనారాయణ సార్ వచ్చి చూసి, ఫినిషింగ్ బాగున్నదని మెచ్చుకున్నడు."

పాత కాగితాలు భద్రపరిచేవాళ్లు ఎవరైనా ఆ ఫెవికాల్ సంగతి వింటే మూర్ఛపోతారు. నాకైతే ఆ పిల్ల చేతులు కళ్లకు అద్దుకోవాలనిపించింది. యూనివర్సిటీలో ఒకసారి అంటించినది ఊడదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పటి ఎన్నికల పోస్టర్లు ఇప్పటికీ హాస్టల్ గోడల మీద ఓట్లు అడుగుతున్నాయి. అరవై ఒక్క ఇళ్లు నిలబడ్డాయని గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను.

"అరవయ్యే అంటిచ్చిన" అంది అక్షర.

బ్యాగులోంచి ఎర్ర కార్డు ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండు చిలకలు, మధ్యలో కలశం. చిరంజీవి దయాకర్, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి భాగ్య. దూరం నుంచే గుర్తుపట్టాను. చీకట్లో ఇచ్చినా తడిమి గుర్తుపట్టగలను.

"ఇది మా అమ్మ నాయినల పెండ్లి కార్డు అంకుల్. స్కానర్ల పెట్టినప్పుడు పేర్లు చూసి ఎంత నవ్విన్నో. అమ్మకు ఫొటో తీసి పంపుదామనుకున్న. గప్పుడు తిప్పిన."

నెల రోజులు ఈ పిల్ల నా ఎదురుగా కూర్చుని బజ్జీలు తింది. తండ్రి పేరేమిటని ఒక్కసారి కూడా అడగలేదు నేను. ఎవరి వివరాలూ అడగకపోవడం మా శనివారాల మర్యాద, అది నాకు ఒంటికి పట్టిపోయింది.

"'నేను' అంటే మీరే కదా?"

నోరు విప్పనని మాటిచ్చినవాణ్ని. అరవై ఒక్క మందికీ నిలబెట్టుకున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్న పిల్లకు మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను.

"నేనే బిడ్డా."

"ఏముండె గా ఫొటోల?"

"టైమర్ పెట్టిన. పది సెకన్లు ఉంటది. ఉరికొస్తుంటె లైటు వైరు కాలికి తట్టుకుని మీ నాయిన ఒళ్ల పడ్డ. గప్పుడే కెమెరా కొట్టుకున్నది. మీ నాయిన పగలబడి నవ్వుతున్నడు ఫొటోల."

"మా నాయినా?" అంది. కాసేపు కార్డు అంచులు సవరిస్తూ ఉండిపోయింది. తర్వాత తలెత్తింది, కోపంగా. "మరి మా అమ్మ సంగతేంది అంకుల్? ఆమె ఏం పాపం చేసింది?"

నా దగ్గర దేనికైనా ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. ప్రొఫెసర్లకు, కమిటీలకు, శాలువాలకు. ఆ ప్రశ్న ముందు మాత్రం వాటిని పక్కన పెట్టాను.

"ఏం చెయ్యలే" అన్నాను. "ఆమెకు అన్యాయమే అయింది. మీ నాయినకు తెలుసు, నాకు తెలుసు. తెలిసి గూడ ఇద్దరం నోరు మూసుకున్నం."

ఆ పిల్ల తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. ముక్కు తుడుచుకుంది.

"ఇంట్ల ఎవ్వరికి ఏం చెప్పలే నేను. ఇన్ని రోజులు ప్రాజెక్టు అనుడే గని మీ పేరు సుత ఎన్నడు తియ్యలే. ఇయ్యాల పొద్దుగాల నాయిన్ని అడిగిన, తార్నాకల దానయ్య అంకుల్ స్టూడియోల పనున్నది, దించుతవా అని. లోపలికి పోయి అంగి మార్చుకున్నడు. మళ్ల పోయి ఇంకో అంగి ఏసుకున్నడు."

"ఇప్పుడు ఏడున్నడు?"

"కిందనే. టిఫిన్ సెంటర్ కాడ, బండి మీద కూసున్నడు. పైకి రమ్మన్న. నాతోని కాదు, మూడంతస్తులు ఎక్కాలె, లిఫ్ట్ సుత లేదు, మోకాళ్లు నొస్తయి అన్నడు."

నేను కిటికీ వైపు కదిలి, సగంలో ఆగిపోయాను. అక్షర నా మొహంలోకి చూస్తోంది.

"మూడంతస్తులని నేను చెప్పలే అంకుల్. లిఫ్ట్ లేదని సుత చెప్పలే. సందు కాడ బోర్డు గూడ లేదు మీకు. సక్కగ వచ్చి ఈ మెట్ల ముందలనే ఆపిండు."

కింద టిఫిన్ సెంటర్లో ఎవరో రెండు ప్లేట్ల ఇడ్లీ చెబుతున్నారు.

"నేను ఈడనే కూసుంట" అంది అక్షర. "మీరు దిగి పోతరా?"

నా మోకాళ్లు అతని మోకాళ్ల కంటే అధ్వాన్నం. చెప్పులు వేసుకున్నాను.